అల్ జజీరా అల్ హమ్రా: ముత్యాల ఊళ్ళో నా ఐదో నెల చలిమిడి

మా అమ్మ రస్ అల్ ఖైమాలో ఒక అరబ్బు ఇంట్లో పని చేస్తుంది. నేను షార్జా రోలాలో ఉంటాను. రెండు ఊళ్ళకీ మధ్య బస్సులో గంటన్నర దూరం. అయినా పెళ్ళయి ఇక్కడికి వచ్చిన రెండేళ్ళలో నేను అమ్మని చూసింది ఫోన్లోనే. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది. చూపు సరిగా ఆనదు, మోకాళ్ళు వంగవు. ఆవిడ లేచినా కూర్చున్నా అమ్మ పక్కన ఉండాలి. అందుకని అమ్మకి సెలవు రోజంటూ లేదు. ఈ చలికాలం నాకు ఐదో నెల వచ్చింది. మా గోదావరి వైపు ఐదో నెలలో తల్లి చలిమిడి చేసి కూతురి ఒళ్ళో పెడుతుంది, కడుపు చల్లగా ఉండాలని. తల్లి లేని పిల్లకి పిన్నో మేనత్తో పెడతారు. తల్లి ఉండి, గంటన్నర దూరంలో ఉండి, పెట్టకపోతే ఎలాగే అని అమ్మ ఫోన్లో ఏడ్చింది.

నాకు దానికంటే పెద్ద దిగులు ఇంకొకటి ఉంది. పురుటికి ఇండియా వెళ్ళాలంటే ఏడో నెల దాటకముందే విమానం ఎక్కాలి. వెళ్తే ఎక్కడికి వెళ్ళాలి? నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ గల్ఫ్ వచ్చేసింది. నన్ను పెంచిన అమ్మమ్మ కిందటేడు పోయింది. రాజోలు దగ్గర మా ఇంటికి తాళం వేసి ఉంది. "మా ఇంట్లోనే పురుడు పోస్తాను, రా" అని మా అత్తగారు మంచి మనసుతోనే అన్నారు. కానీ మొదటి పురుడు తల్లి చేతిలో జరగాలని నా మనసులో పడిపోయింది. మూడు నెలలు నాతో ఇండియా వస్తావా అని అమ్మని అడగాలి. ఫోన్లో చాలాసార్లు అడగబోయి, కూరేం వండావని అడిగి పెట్టేశాను. ఎదురుగా కూర్చుంటేనైనా నోరు పెగులుతుందేమో అనుకున్నాను.

ఆ దారి అమ్మే చెప్పింది. పెద్దావిడ పుట్టిన ఊరు అల్ జజీరా అల్ హమ్రా. ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళ ఊరు. ఇప్పటికి యాభై అరవై ఏళ్ళ కిందట జనమంతా ఇళ్ళు వదిలి వేరే చోట్లకి వెళ్ళిపోయారట. ఆ పాత ఊరిని పడగొట్టకుండా, వీధులు వీధులుగానే ఉంచి, కొన్ని ఇళ్ళూ మసీదులూ బాగుచేసి కాపాడుతున్నారు. చూడటానికి టికెట్ లేదు. చలికాలంలో శుక్రవారం పూట పెద్దావిడ కారులో అక్కడికి వెళ్ళి తన పాత ఇంట్లో కాసేపు కూర్చుంటుంది. "మీరూ ఊరు చూడ్డానికి వచ్చినట్టు రండి" అంది అమ్మ. "కానీ నన్ను అమ్మా అని పిలవకు. నేనెవరో నీకు తెలీదు. సరేనా?"

ఎందుకో ఇక్కడి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇండియాలో చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు తమ వాళ్ళు దగ్గర్లో ఉన్నారని చెప్పడానికి భయపడతారు. చెబితే ఎప్పుడో ఒకప్పుడు పారిపోతుందని యజమానులు అనుమానిస్తారని భయం. అమ్మ మొదట పనిచేసిన ఇల్లు వేరు. చెల్లెలి వరసావిడ దుబాయ్‌లో ఉందని తెలియగానే అక్కడ అమ్మ ఫోన్ తీసేసుకున్నారట. ఇప్పుడున్న ఇల్లు మంచిది. అయినా ఆ భయం పోలేదు. నేను షార్జా వచ్చినప్పుడు అమ్మ ఆ ఇంట్లో చెప్పలేదు. తర్వాత చెబితే ఇన్నాళ్ళు ఎందుకు దాచావంటారని ఇంకా చెప్పలేదు.

ఆ శుక్రవారం పొద్దున్నే చీర కట్టుకుని, పులిహోర, పెరుగన్నం సర్దుకుని బయలుదేరాం. రోలా నుంచి అల్ జుబైల్ బస్టాండు దగ్గరే. రస్ అల్ ఖైమా బస్సుకి మనిషికి ముప్పై దిర్హాముల లోపే అయింది. కిటికీ పక్కన కాసేపు ఇసుక, కాసేపు ఒంటెల కంచెలు, మళ్ళీ ఇసుక. మేము ఎక్కిన బస్సు మధ్యలో ఆగలేదు. అందుకని రస్ అల్ ఖైమా దాకా వెళ్ళి, అక్కడ టాక్సీ ఎక్కి, వచ్చిన దారిలోనే వెనక్కి రావాల్సి వచ్చింది. దానికి నలభై దిర్హాములు దాటింది. కారున్న స్నేహితులుంటే షార్జా నుంచి నేరుగా వెళ్ళడం మేలు. టాక్సీ నడిపిన పెషావర్ పెద్దాయన అద్దంలోంచి నా వైపు చూసి, మా ఆయనతో హిందీలో అన్నాడు. "అందరూ అక్కడికి రాత్రిపూట జిన్నుల్ని చూడ్డానికి వెళ్తారు. మీరేంటి, పట్టపగలు వెళ్తున్నారు?" మా ఆయన "మా జిన్ను పగలే వస్తుంది భాయ్" అన్నాడు. నేను మోచేత్తో పొడిచాను. అత్తగారి గురించి అలాగంటారా ఎవరైనా?

పదింటికల్లా ఊరి మొదట్లో దిగాం. పెద్ద గేటేమీ లేదు. రోడ్డు దిగగానే ఇసుక, ఇసుకలోంచి లేచిన గోడలు. ఆ గోడల రాయిని నేనెప్పుడూ చూడలేదు. తేనెపట్టులాగా కన్నాలు కన్నాలుగా ఉంది. సముద్రంలోని పగడపు రాయట. దాన్ని ముక్కలుగా తెచ్చి, మధ్యలో సున్నం మెత్తి గోడలు కట్టారు. పైన ఖర్జూరం దుంగలు, దుంగల మీద ఈతచాపలాంటి అల్లిక. కొన్ని ఇళ్ళకి పైకప్పు కూలిపోయి తలుపుల చట్రాలు మాత్రం నిలబడి ఉన్నాయి. కొన్ని బాగుచేసి కొత్త తలుపులు పెట్టారు. ఒక ఇంటి మీద నాలుగు వైపులా తెరిచి ఉన్న ఎత్తైన గూడు ఉంది. పైనుంచి గాలి పట్టి కింద గదిలోకి దింపుతుందట. దాని కింద నిలబడితే నిజంగానే మెడ మీద చల్లగా తగిలింది. మసీదు మీనారు కుండలు బోర్లించినట్టు పొట్టిగా, ముద్దుగా ఉంది. కోట బురుజు ఒకటి ఉంది. వీధులు సన్నగా, ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదగాల్సినంత ఉన్నాయి.

మేము తిరుగుతుంటే చీపురు పట్టుకుని ఒకాయన వచ్చాడు. మా మాటలు విని ఆగాడు. నిర్మల్ వైపు ఆయన, అక్కడ ఊడ్చేదీ కాపలా కాసేదీ ఆయనే. "ఏ ఊరు చెల్లె మీది?" అని నన్నడిగితే నేను మామూలుగా మా ఆయన వెనక్కి జరిగాను. మా ఆయన "ఆయ్, గోదావరండి" అన్నాడు.

"గింత పొద్దుగాల ఎందుకొచ్చిండ్రు? శుక్రారం జుమ్మా నమాజు అయిపోయి, అన్నాలు తిన్నంక గాని ఎవ్వలు రారు. లోపలి ఇండ్లు గూడ గప్పుడే తెరుస్తం."

"జిన్నులున్నాయా అన్నా ఇక్కడ?" అన్నాడు మా ఆయన.

"మూడేండ్ల సంది చూస్తున్న. పిల్లులు తప్ప ఏం లేవ్ తమ్మీ. ఒక్క పిల్లికి మాత్రం మా ముదీర్, గదే మేనేజరు లెక్క పొగరు, గదే నన్ను జూసి కూసోమంటది."

మేము చేసిన పొరపాటు అదీ. శుక్రవారం మంచిరోజు, మధ్యాహ్నం కాకముందే చలిమిడి పెట్టించుకోవాలని మన లెక్కలో మనం పొద్దున్నే వచ్చేశాం. వాళ్ళ శుక్రవారం మధ్యాహ్నం మొదలవుతుంది. అమ్మకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ ఇంట్లో శుక్రవారం భోజనానికి పిల్లలూ మనవలూ అందరూ వస్తారు, అమ్మ వంటింట్లోంచి కదలదు. ఒక గోడ నీడన చాప వేసుకుని పులిహోర తిన్నాం. కాపలా ఆయనకీ పెట్టాం. వద్దు వద్దంటూనే తిని "జర పులుపెక్కువైంది గని మంచిగున్నది" అన్నాడు. లోపల ఎక్కడా దుకాణం లేదు. నీళ్ళు మేము తెచ్చుకున్నవే. మధ్యాహ్నం దాటింది. మా ఆయన రెండుసార్లు గడియారం చూసి, "ఆఖరి బస్సు ఉంది కదా, పర్లేదు" అని తనకే చెప్పుకున్నాడు. ఇవాళ అమ్మ రాకపోతే ఈ నెల దాటిపోతుంది. నేను అడగాల్సిన మాట మళ్ళీ ఫోన్లో మిగిలిపోతుంది.

మూడు దాటి అసర్ నమాజు పిలుపు వినిపించాక తెల్లటి పెద్ద కారు వచ్చి ఆగింది. డ్రైవర్ దిగలేదు. వెనక తలుపు తీసుకుని అమ్మ దిగింది. పొడుగు గౌను, తలకి గుడ్డ. ఫోన్లో మొహం మాత్రమే కనిపిస్తుంది కదా, మనిషి ఎంత చిక్కిపోయిందో నాకు తెలియలేదు. అటు తిరిగి పెద్దావిడని దింపి, కర్ర చేతికిచ్చి, రెండో చెయ్యి తన భుజం మీద వేసుకుంది. ఇద్దరూ ఇసుకలో మెల్లగా మా వైపు వచ్చారు. నా కాళ్ళు వాటంతటవి ముందుకి కదిలితే మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

అమ్మ దగ్గరికొచ్చి, ఎవరో కొత్తవాళ్ళని చూసినట్టు, "తెలుగువాళ్ళా? ఏ ఊరమ్మా మీది?" అంది.

"రాజోలు దగ్గరండి" అన్నాను. అమ్మని అండీ అనడం అదే మొదటిసారి.

"ఎన్నో నెల?"

"ఐదు."

"నీరసం లేదు కదా? అన్నం సయిస్తుందా?" అంది అమ్మ. కొత్తవాళ్ళని అడిగే మాట కాదది. మా ఆయన వెంటనే అందుకుని, "మరేనండి అక్కగారూ, మాది గోదావరేనండి, మీదీ అటేనా? ఎంత సంతోషమండీ, దేశం కాని దేశంలో" అని నాటకంలో వేషం కట్టినవాడిలా పెద్దగా మొదలుపెట్టాడు. అమ్మ కళ్ళతోనే చాలు బాబూ అంది.

పెద్దావిడ ఎవరని అరబ్బీలో అడిగింది. మా దేశం వాళ్ళని అమ్మ చెప్పింది. ఆవిడకి హిందీ వచ్చు. వాళ్ళ నాన్న పడవల మీద బొంబాయి తిరిగేవాడట. ముక్కలు ముక్కలుగా ఆవిడ మాట్లాడే హిందీ, రోలా దుకాణాల్లో నేను నేర్చుకున్న హిందీ ఒక్కలాగే ఉన్నాయి. "ఊరు చూడ్డానికి వచ్చారా? రండి, నా ఇల్లు చూపిస్తాను" అంది.

కాపలా ఆయన తాళం తీశాడు. పెద్దావిడకి సరిగా కనపడకపోయినా ఆ గుమ్మంలో తల ఎక్కడ వంచాలో తెలుసు. మా ఆయన తల తగిలించుకున్నాడు. నడుమ వాకిలి, ఒక మూల పూడిపోయిన బావి, చుట్టూ గదులు. "ఇక్కడ చేపలు ఎండబెట్టేవాళ్ళం. నాన్న పడవ వచ్చే రోజుల్లో మా అమ్మ ఆ మిద్దె మీద ఉండేది, కిందికి దిగేది కాదు" అని కర్రతో చూపించింది. ఆవిడ ఆగినచోట అమ్మ మాట అందించేది. ఎన్ని శుక్రవారాలు విందో ఆ కథలు. ఆ ఇంట్లో ఏది ఎక్కడుండేదో మా అమ్మకి మా రాజోలు ఇంటికంటే బాగా తెలుసనిపించింది.

చివరి గది చిన్నది. కిటికీ లేదు, గోడ పైభాగంలో గాలి కోసం సన్నని కంతలు. అమ్మ చాప పరిచి పెద్దావిడని గోడకి ఆనించి కూర్చోబెట్టింది. ఆవిడ నన్ను దగ్గరికి రమ్మని పిలిచింది. "నేను పుట్టింది ఈ గదిలో. నా పెద్దకొడుకు పుట్టిందీ ఈ గదిలోనే. అప్పటికి నేను చిన్నపిల్లని. మా అమ్మ నలభై రోజులు నన్ను ఈ గడప దాటనివ్వలేదు. ఒళ్ళంతా నూనె రాసేది, మెంతుల జావ పోసేది. నేను ఏడిస్తే తనూ ఏడ్చేది." తర్వాత నా కడుపు వైపు చూసి అడిగింది. "నీకు? మీ అమ్మ ఎక్కడుంది?"

నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన గోడలో రాళ్ళు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.

అమ్మ తన సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. వెళ్ళేటప్పుడు కారు దగ్గర, ఏదో మన ఊరివాళ్ళకి పిండివంట ఇచ్చినట్టు నా చేతిలో పెట్టేయాలని ముందు అనుకున్నాం. ముందురోజు రాత్రి బియ్యం నానబోసి, తెల్లవారుజామున తడిపిండి కొట్టి, బెల్లం పాకం పట్టి, కొబ్బరి ముక్కలూ గసగసాలూ నెయ్యీ వేసి చేసింది. మూత తియ్యగానే యాలకుల వాసన ఆ గదంతా నిండింది. "ఇది మా తీపి, తీసుకో అమ్మా" అని మామూలుగా అంటూ అమ్మ డబ్బా అందించబోయింది.

చేత్తో అందుకుంటే సరిపోయేది. కానీ చలిమిడిని చేత్తో ఎలా అందుకుంటారు? నాకు తెలియకుండానే చీర కొంగు రెండు చేతులతో పట్టాను. అమ్మ చెయ్యి కూడా తెలియకుండానే ముద్ద తీసి, సంచిలోని అరటిపండుతో కలిపి కొంగులో వేసింది. నేను వంగి అమ్మ కాళ్ళకి దండం పెట్టాను. అమ్మ చెయ్యి నా తల మీద పడింది, తీయలేదు.

పెద్దావిడకి మొహాలు సరిగా కనపడవు గానీ మనుషులు వంగడం, లేవడం తెలుస్తుంది. హిందీలోనే అంది. "మీ దేశంలో దారిన పోయేవాళ్ళు మిఠాయి పెడితే కాళ్ళకి మొక్కుతారా?"

"అంటే, పెద్దవాళ్ళు కదండి, మా ఆచారం ఏంటంటే" అని మా ఆయన మొదలుపెట్టాడు.

"వద్దు బాబూ" అంది అమ్మ. చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అరబ్బీలో చెప్పడం మొదలుపెట్టింది. నాకు అర్థమైంది బింతీ అనే మాట ఒక్కటే. నా కూతురు అని. వాళ్ళిద్దరూ అరబ్బీలో అన్న మిగతా మాటలు అమ్మ తర్వాత చెబితే తెలిశాయి.

పెద్దావిడ అరవలేదు. "ఎన్నాళ్ళయింది ఇది షార్జాకి వచ్చి?" అని మాత్రం అడిగింది.

"రెండేళ్ళు, మామా." ఇక్కడి ఇళ్ళల్లో యజమానురాలిని మామా అనే పిలుస్తారు.

"రెండేళ్ళు రోజూ నా తల దువ్వావు. ఒక్క రోజు చెప్పలేకపోయావా?"

"ముందు పనిచేసిన ఇంట్లో ఫోన్ తీసేసుకున్నారు మామా."

"అది నా ఇల్లా?"

"కాదు మామా."

ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. అమ్మ తల వంచుకుంది. ఖలాస్, నా చలిమిడి వల్ల అమ్మ పని పోయిందనుకున్నాను. దుకాణంలో ధర అడగాలన్నా మా ఆయన్ని ముందు నిలబెట్టే దాన్ని నేను. ఆ గదిలో అది నాకు బదులు మా ఆయన అడిగే మాట కాదు. కొంగులో చలిమిడి అలాగే పట్టుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "మామా, తప్పు నాది. నా కోసం దాచింది. నా పురుటికి నాకు మా అమ్మ కావాలి. మూడు నెలలు. ఇండియాకి పంపండి" అన్నాను. వచ్చిన హిందీ అంతా అందులో అయిపోయింది.

మా ఆయన నోరు తెరుచుకుని నా వైపు చూశాడు. అమ్మ "ఏంటే ఇది" అని తెలుగులో గొణిగింది. నేను అడగాలనుకున్న మాట అమ్మ వినడం కూడా అదే మొదలు.

పెద్దావిడ నాకు జవాబు చెప్పలేదు. నాకూ తెలిసేలా హిందీలోనే అమ్మని అడిగింది. "మూడు నెలలు నాకు మందులెవరు ఇస్తారు? రాత్రి నన్నెవరు లేపుతారు? నా కొడుకుని నేను ఒప్పిస్తాను, అది నా పని. నువ్వొకటి చెప్పు. వెళ్తే తిరిగి వస్తావా?"

వస్తానని అమ్మ వెంటనే అనేస్తుందనుకున్నాను. ఎవరైనా అలాగే అంటారు. అమ్మ చాలాసేపు చాప పుల్ల గిల్లుతూ కూర్చుంది.

"తెలీదు మామా" అంది.

పెద్దావిడ కర్ర పక్కన పెట్టింది. చెయ్యి చాచి, తడిమి, అమ్మ చెయ్యి పట్టుకుంది. "రెండేళ్ళకి ఇవాళ ఒక నిజం చెప్పావు. వెళ్ళు" అంది. తర్వాత నా వైపు తిరిగి, ఆ మిఠాయి తనకీ పెట్టమంది. చలిమిడి కడుపుతో ఉన్నదాని కొంగులోంచి నలుగురికీ పంచాలి కదా. మొదటి ముద్ద ఆవిడకే పెట్టాను. పళ్ళు లేవు, మెల్లగా చప్పరించి, "కొబ్బరి ముక్కలు చిన్నగా తరగాల్సింది" అని అమ్మని మందలించింది.

వాళ్ళబ్బాయి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. నెల దాకా ఇంట్లో మాటలు నడిచాయట. శ్రీలంక నుంచి వేరే ఆవిడ వచ్చి, అమ్మ దగ్గర పని నేర్చుకున్నాక పాస్‌పోర్టు చేతికిచ్చారు. వచ్చే వారం నేనూ అమ్మా ఒకే విమానంలో వెళ్తున్నాం. రాజోలు ఇంటికి సున్నం వేయించమని మేనమామకి చెప్పాం. అమ్మ తిరిగి వస్తుందో రాదో నాకూ తెలియదు, నేను అడగలేదు. రోజూ సాయంత్రం ఫోన్ చేసినప్పుడు, కొత్తావిడకి పెద్దావిడ జుట్టు చిక్కు తీయడం ఇంకా సరిగా రాలేదని మాత్రం చెబుతుంది.

పాత ఊరు అంటే కూలిపోయిన గోడలు, ఫోటోలు తీసుకునే చోటు అనుకునే వెళ్ళాను. బాగుచేసిన ఇళ్ళ ముందు పలకల మీద ఆ ఇల్లు ఎలా కట్టారో రాసి ఉంది. అందులో ఎవరు ఎవరికి పురుడు పోశారో రాసి ఉండదు. అది చెప్పగలిగే ఒకావిడ ఇంకా ఆ గుమ్మం దాకా నడిచి వస్తోంది, అందుకే నాకు ఆ ఊరు పాడుబడిన ఊరుగా కనిపించలేదు. తన తల్లిని తలుచుకుంటూ కూర్చున్న చోటే ఆవిడ నా తల్లిని నాకు ఇచ్చింది. ఇవ్వడం ఆవిడకి తేలిక కాదని నాకు తెలుసు. మీరు వెళ్తే నీళ్ళు, తిండి తీసుకుని శుక్రవారం అసర్ నమాజు తర్వాత వెళ్ళండి, ఇళ్ళు అప్పుడు తెరిచి ఉంటాయి. ఆ వీధుల్లో ఏ ఇంటి ముందైనా ఒక ముసలామె ఆగి నిలబడి కనిపిస్తే ఫోన్ లోపల పెట్టుకుని సలాం చెప్పండి, ఆమె లోపలికి రమ్మంటేనే గడప దాటండి.